నాలుగెకరాల పాస్‌బుక్కు, ఒక టిష్యూ కల్చర్ ల్యాబు

అనంతపురం జిల్లా పుట్లూరు వైపు నుంచి పాతికేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి, బెంగళూరు దగ్గర సీసాల్లో అరటి మొక్కలు పెంచే ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో 14 నెలలు పనిచేశారు. లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే బల్ల) ముందు కూర్చుని మొలకలు విడదీసి కొత్త సీసాల్లోకి మార్చడమే పని. రోజుకు 900 దాకా మార్చేవారు. అమ్మకు ఒంట్లో బాగాలేక ఇంటికి వచ్చేశారు. నాన్నకు రెండు బోర్లున్న నాలుగెకరాలు ఉన్నాయి. పోయిన జూలైలో రెండెకరాల్లో జీ-9 రకం అరటి టిష్యూ మొక్కలు 2,400 నాటారు. నవంబరు ఆఖర్లో, పక్కవాళ్ల పాత కార్శి (పిలక పంట) తోట గట్టు వైపు నుంచి మొదలై, 140 మొక్కలకు ఆకులు సన్నబడి, నిక్కబొడుచుకుని, తల గుబురుగా మారింది. బంచీ టాప్ అనే వైరస్ తెగులు అన్నారు. మొక్కలు అమ్మిన నర్సరీవాళ్లు ఫోను ఎత్తడం లేదు.

"టిష్యూ మొక్కంటేనే రోగం. జూన్‌లో మిగతా రెండెకరాలకు మన తోట పిలకలే పెడతా" అంటున్నారు నాన్న. కూతురిని బీఈడీ చేయమంటున్నారు. చిన్నాయన మాత్రం ఒక కన్సల్టెన్సీ వాళ్లను తీసుకొచ్చారు. 45 లక్షలతో ల్యాబు, ఏటా 5 లక్షల మొక్కలు, అన్నీ మేమే తిరిగి కొంటామని వాళ్ల మాట. 15 లక్షలు చిన్నాయన పెట్టి సగం వాటా తీసుకుంటారట, 30 లక్షలు బ్యాంకు లోను, దానికి నాలుగెకరాల పాస్‌బుక్కు తాకట్టు. అది కుదరకపోతే ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మంచి బూజు) తయారుచేసి డబ్బాల్లో అమ్ముదామని ఆయన రెండో ఆలోచన. సంక్రాంతి నుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. అమ్మ సంబంధాలు చూస్తున్నారు. "ల్యాబ్ పెడితే నాయన మాట కాదన్నట్టు, పెట్టకపోతే నా చదువు బూడిదలో పోసిన పన్నీరు. ఏం చేయాలో చెప్పండి" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది ల్యాబ్ గురించి. కానీ మీ ఉత్తరంలో అంతకంటే తొందర పడాల్సిన విషయం ఒక వాక్యంలో జారిపోయింది. జూన్‌లో మీ నాన్న ఆ తోట పిలకలు నాటుతారన్న మాట. ల్యాబు పెట్టినా పెట్టకపోయినా, బీఈడీలో చేరినా చేరకపోయినా, అది మాత్రం జరగనివ్వకండి. బంచీ టాప్ వైరస్ గడ్డలో ఉంటుంది. తల్లికి సోకితే దాని పిలకలన్నీ సోకినట్టే. ఆకులు బాగున్న మొక్క పిలక కూడా నమ్మదగింది కాదు. పేనుబంక కాటు పడిన నాటి నుంచి లక్షణం కనబడేదాకా వారాలు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. ఈ రోజు పచ్చగా ఉన్న మొక్కలో వైరస్ లేదని కంటితో చెప్పలేం.

ఆ 140 మొక్కలు ఇప్పుడెలా ఉన్నాయో మీరు రాయలేదు. మొవ్వు నరికి వదిలేసి ఉంటే పని సగమే అయినట్టు. ముందు ఆ మొక్కలకూ చుట్టూ ఉన్న వరసలకూ పేనుబంక మందు కొట్టాలి. మొవ్వులో, ఆకు తొడిమ మొదట్లో బాగా పడాలి, పేను అక్కడే దాక్కుంటుంది. ఒకటి రెండు రోజులు ఆగి గడ్డతో సహా తవ్వి, ముక్కలు చేసి ఎండబెట్టాలి. మందు కొట్టకుండా పెరికితే పేను పక్క మొక్కల మీదికి పోతుంది. గడ్డ మిగిల్చితే మళ్లీ పిలక లేస్తుంది, ఆ పిలకలో మళ్లీ వైరస్. తర్వాత కనీసం రెండు నెలలు వారానికోసారి తోటంతా తిరగాలి. ఆకు వెనక ఈనెల పక్కన, తొడిమ మీద ముదురాకుపచ్చ చుక్కలూ గీతలూ కనబడితే, తల గుబురయ్యేదాకా ఆగక అప్పుడే తీసేయాలి.

ఇక ఆ రోగం ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఇంటి గొడవలో సగం దీని మీదే నిలబడి ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. తల్లి మొక్కలోనే వైరస్ ఉండి ల్యాబు నుంచే వచ్చి ఉంటే, షేడ్‌నెట్‌లోనో, నాటిన నెలా రెండు నెలల్లోనో తేలిపోయేది. అదీ ఒక మూల నుంచి కాక పొలమంతా అక్కడొకటి ఇక్కడొకటిగా. మీ తోటలో అయిదో నెలలో కనబడింది, అదీ పాత తోట గట్టు వైపు నుంచి. అరటి వారం పది రోజులకో ఆకు వేస్తుంది. అప్పటికే పదిహేను ఆకులు బాగానే వేసిన మొక్కకు రోగం వచ్చిందంటే పక్క తోట పేనుబంక మీదే అనుమానం ఎక్కువ. కానీ ఒక మెలిక ఉంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎదగని మొక్కలు నాలుగైదు ఉంటే, నీళ్లు అందలేదులే అని మీ నాన్న వదిలేసి ఉండొచ్చు. అవే మొదటి రోగిష్టి మొక్కలైతే నర్సరీ తప్పు కూడా ఉన్నట్టే. ఆయన్ను వాదనగా కాక మామూలుగా అడగండి: "మొదట్లో గిడసబారిన మొక్కలు ఏ వరసలో ఉన్నాయి నాయనా?" ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి మీ నాన్నది మూర్ఖపు పట్టు కాదు. ఆయన చూసింది నిజం, కారణం మాత్రం పూర్తిగా అది కాకపోవచ్చు. టిష్యూ మొక్క టీకా వేయించుకున్న బిడ్డ కాదు. శుభ్రంగా పుడుతుంది, అంతే. పుట్టాక ఏ రోగానికైనా లొంగుతుంది. బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో పనామా తెగులు కొత్త రకం టీఆర్-4 ఈ జీ-9 జాతి తోటల్నే పట్టింది. (ఊళ్లో దీన్ని "బీటీ అరటి" అనేవాళ్లూ ఉంటారు. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో బ్యాక్టీరియా జన్యువు చేర్చారు. టిష్యూ అరటిలో ఏ జన్యువూ చేర్చరు, అదే మొక్కను సీసాలో పిలకలు వేయిస్తారు. ఆదోని మార్కెట్‌కు పత్తి తోలిన రైతుకు ఈ తేడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.)

మరి ఇంత తలనొప్పి ఉన్నా వ్యాపారులు టిష్యూ మొక్కే ఎందుకు అడుగుతారు? పిలకల తోటలో చిన్నా పెద్దా గడ్డలు కలిసి ఉంటాయి. గెలలు నెలల తరబడి ఒకటీ అరా దిగుతుంటాయి. టిష్యూ తోటలో మొక్కలన్నీ ఒకే ఈడువి, 11, 12 నెలలకు రెండు మూడు కోతల్లో పంట అయిపోతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి కంటైనర్ల రైలు కదిలిందంటే, ఒకే సైజు కాయ ఒకేసారి దొరికినందుకే. మీ ప్రాంతంలో మొక్కకు గిరాకీ ఉంది. ఆ గిరాకీలో మీరు ఏ మెట్టు మీద నిలబడాలన్నదే ప్రశ్న.

ల్యాబు లెక్క చూద్దాం. మీరు చేసిన పని ల్యాబులో గుండెకాయలాంటిదే, కాదనను. కానీ అది ఒక గది. తల్లి మొక్క ఎంపిక, వైరస్ పరీక్ష, మీడియా (మొలకకు ఆహారం) చేసే గది, మొలకలు పెరిగే గ్రోత్ రూము, సీసా మొక్కను బయటి వాతావరణానికి అలవాటు చేసే హార్డెనింగ్, అమ్మకం మిగతావి. మొదటి సీసాలో మొలక పెట్టి నిలబడేసరికి నెలన్నర. నాలుగేసి వారాల చొప్పున ఆరేడు మార్పిళ్లకు ఆరేడు నెలలు. వేరు వేయించడానికి ఒక నెల. ట్రేల్లో ప్రైమరీ హార్డెనింగ్‌కు నెల, నెలన్నర. కవర్లలో మరో నెల, నెలన్నర. పిలక తవ్విన రోజు నుంచి రైతు చేతికి మొక్క వెళ్లేసరికి ఏడాది. 30 లక్షల లోనుకు వడ్డీ 11 శాతం అనుకుంటే నెలకు 27,500 రూపాయలు. ఒక్క మొక్క అమ్మకముందే 3 లక్షల 30 వేలు వడ్డీకే పోతుంది. కరెంటు, జీతాలు దీని పైన.

తొందరపడి మార్పిళ్లు పెంచుదామా అంటే అక్కడ ఇంకో గొయ్యి. ఎనిమిది మార్పిళ్లు దాటితే పొట్టి మొక్కలు, చారల ఆకులు, మందపు ఆకుల మొక్కలు పెరుగుతాయి. ఆ తేడా రైతుకు గెల వేసినప్పుడు తెలుస్తుంది. మీకు తెలిసేది ఆయన మీ గేటు ముందుకు వచ్చినప్పుడు.

ఏటా 5 లక్షల మొక్కలన్న మాటను మీ చేతి లెక్కతోనే తూచండి. ఒక మొలక మార్పిడికి మూడు అవుతాయనుకుంటే, 5 లక్షల మొక్కలు బయటికి రావాలంటే మొత్తం మార్పిళ్లు ఏడున్నర లక్షలు. కుళ్లి పారేసేవి కలుపుకుంటే ఎనిమిదిన్నర, తొమ్మిది లక్షలు. రోజుకు 900 చొప్పున వెయ్యి పనిదినాలు. అంటే మీ అంత చేయి తిరిగిన వాళ్లు నలుగురు ఏడాది పొడుగునా ఉండాలి. మీ మండలంలో ఉన్నారా? నేర్పితే ఆరు నెలలకు వస్తారు, ఆ ఆరు నెలలూ వాళ్ల సీసాల్లో బూజు మీ ఖర్చు.

మన నేలకు ప్రత్యేకమైన చిక్కులు కన్సల్టెన్సీ కాగితాల్లో ఉండవు. గ్రోత్ రూము 25 డిగ్రీల దగ్గర నిలవాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగితే ట్యూబులైట్ల వేడి, మూసిన గది, అడ్డూ అదుపూ లేని బూజు. జనరేటర్ ఏసీలను కూడా మోయాలి, లైట్లకు సరిపోయేది పెడితే చాలదు. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లూ చాలా. ఆ నీళ్లతో మీడియా చేస్తే పీహెచ్ 5.8 దగ్గర నిలవదు, లవణాల లెక్క తప్పుతుంది. ఆర్వో మీద డిస్టిలేషన్ కావాలి. మిస్ట్ నాజిల్స్ కూడా ఆ నీళ్లకు సున్నం పట్టి నెలలో మూసుకుపోతాయి.

ఆ కన్సల్టెన్సీ వాళ్లను కాగితం మీద మూడు అడగండి. వాళ్లు కట్టిన ఏదైనా ల్యాబులో నిరుడు మే నెల కరెంటు బిల్లు, అదే ల్యాబులో నెలకు ఎన్ని సీసాలు పారేస్తున్నారో రిజిస్టరు, తిరిగి కొనే ఒప్పందంలో "నాణ్యత లేదు" అని వెనక్కి పంపే హక్కు ఎవరిది, ఏ కొలతతో అన్నది. మూడోదానికి నీళ్లు నమిలితే, తిరిగి కొంటామన్న మాట యంత్రాలు అమ్ముకునేదాకా చెప్పే మాట అనుకోండి. సర్టిఫికేషన్ సంగతి కూడా. 2006లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం టిష్యూ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చింది. ల్యాబుకు గుర్తింపు వేరు, ప్రతి బ్యాచ్‌కు వైరస్, జన్యు ఏకరూపత పరీక్షలు వేరు. అరటికి బంచీ టాప్, బ్రాక్ట్ మొజాయిక్, స్ట్రీక్, కుకుంబర్ మొజాయిక్ వైరస్‌లు చూస్తారు. కొత్త ల్యాబుకు మొదటి బ్యాచ్ నుంచే ఆ ధ్రువీకరణ లేబుల్ ఉంటుందని కన్సల్టెన్సీవాళ్లు చెబితే నమ్మకండి.

ఇవన్నీ చూశాక కూడా ల్యాబే అంటే, వ్యవసాయ మౌలిక నిధి కింద 2 కోట్ల దాకా లోనుకు 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్లు ఉంటుంది. ఆ పథకం ఇప్పుడు కొత్త లోన్లకు అమల్లో ఉందో లేదో, మీ ప్రాజెక్టు అందులోకి వస్తుందో లేదో బ్యాంకు మేనేజరు చేత ముందే చెప్పించుకోండి. రాయితీ వడ్డీని తగ్గిస్తుంది, అమ్మకం లేని ఆ పన్నెండు నెలలను తగ్గించదు. పాస్‌బుక్కు విషయంలో మాత్రం చిన్నాయన లెక్క నాకు నచ్చలేదు. 15 లక్షలు పెట్టినాయనకు సగం వాటా, నాలుగెకరాలూ బోర్లూ తాకట్టు పెట్టినాయనకు గాలిలో మాట. ఇది బయోటెక్నాలజీ ప్రశ్న కాదు, పంపకాల ప్రశ్న. మీ నాన్నకు కోపం రావడానికి టిష్యూ మొక్క ఒక్కటే కారణం కాకపోవచ్చు.

రెండో దారి, మీరు ఉత్తరంలో ప్రస్తావించనిది: సెకండరీ హార్డెనింగ్ నర్సరీ. ధ్రువీకరణ ఉన్న ల్యాబు నుంచి ప్రైమరీ హార్డెనింగ్ అయిన ట్రే మొక్కలు తెచ్చి, కవర్లలో పెంచి అమ్మడం. 20,000 మొక్కలకు దారులతో కలిపి 12, 13 సెంట్లు చాలు. మీ నాన్న తోటకూ ఆ పక్క తోటకూ దూరంగా, గాలి ఎదురు దిక్కున చోటు చూడండి. చుట్టూ 40 మెష్ పురుగు వల, పైన షేడ్‌నెట్, రెండు తలుపుల గుమ్మం. చుట్టుపక్కల దోస, గుమ్మడి తీగలు ఉండకూడదు, కుకుంబర్ మొజాయిక్ వాటిలో కాపురం ఉంటుంది. కవర్‌లో ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమంగా. పచ్చి ఎరువు కలిపితే వేరు మాడుతుంది. మొదటి పది రోజులు ఎరువు వద్దు, నీడా తేమా చాలు. తర్వాత వారానికోసారి 19:19:19 ఎరువు లీటరుకు 1 గ్రాముతో మొదలుపెట్టి 2 గ్రాముల దాకా. 30 నుంచి 45 రోజుల్లో అడుగు ఎత్తు, అయిదారు ఆకులు రావాలి. చివరి వారం నీడ తగ్గించి ఎండకు అలవాటు చేయాలి. నీడలోంచి నేరుగా పొలానికి పోతే రెండో రోజే ఆకు కాలుతుంది, రైతు నర్సరీనే తిడతాడు.

ఇక్కడ ఎక్కువ మొక్కలు పోయేది మీరనుకునే వైరస్ వల్ల కాదు. వేసవిలో భయపడి నీళ్లెక్కువ పోయడం వల్ల. గడ్డ మొదలు మెత్తబడి వాసన వచ్చి, పట్టుకుని లాగితే మొక్క ఊడి వస్తుంది. అది ఎర్వీనియా అనే బ్యాక్టీరియా తెచ్చే కుళ్లు. కవర్‌కు అడుగున, పక్కన రంధ్రాలు సరిగా ఉండాలి. కుళ్లిన వాటిని కవర్‌తో సహా బయటపడేసి, చుట్టూ ఉన్న వాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు మొదట్లో పోయాలి. పొట్టివీ చారలవీ ఈ దశలోనే ఏరి పారేయాలి. వంద రూపాయలు పోతాయని వాటిని కూడా ట్రాక్టరెక్కిస్తే మీ పేరు పోతుంది.

డబ్బు లెక్క: మీ పాత ల్యాబు పరిచయంతో ట్రే మొక్క 9 రూపాయలకు వస్తుందని, మీ ఊళ్లో కవర్ మొక్క 17కు పోతుందని అనుకుందాం. కవర్, మట్టి, కూలి కలిపి మొక్కకు 3 వేద్దాం. 20,000 మొక్కలకు 2 లక్షల 40 వేలు. పదిశాతం పోయి 18,000 అమ్మితే 3 లక్షల 6 వేలు. మిగిలేది 66,000, షేడ్‌నెట్ ఖర్చు వేరే. 14,118 మొక్కల కంటే తక్కువ బతికితే చేతి డబ్బు పోతుంది. అందుకని ముందు రైతుల దగ్గర మొక్కకు నాలుగైదు రూపాయలు అడ్వాన్సు తీసుకుని, ఎంతకు అడ్వాన్సు వస్తే అంతకే ట్రేలు తెప్పించండి. జూలైలో అమ్ముడుపోని మొక్క సెప్టెంబరుకు కవర్‌లోనే వేరు చుట్టుకుపోతుంది. అప్పు బేరం మాత్రం పెట్టుకోవద్దు, చుట్టాలకు అసలే వద్దు. ఉద్యాన నర్సరీల చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఉద్యాన శాఖ దగ్గర చేయించండి. ప్రతి బ్యాచ్ ల్యాబు లేబుల్, వచ్చిన తేదీ, ఏ రైతుకు ఎన్ని వెళ్లాయో ఒక పుస్తకంలో రాయండి. మీ నాన్నకు మొక్కలమ్మిన వాళ్లు ఫోను ఎందుకు ఎత్తడం లేదో తెలుసా? చాలావరకు ఆ పుస్తకం లేకనే. ఏ బ్యాచ్ ఎవరికి పోయిందో వాళ్లకే తెలియదు.

ఈ దారిలో లాభం చిన్నది, ఒక సీజన్‌తో ఎవరి అప్పూ తీరదు. కానీ పోతే రెండున్నర లక్షల దాకా, షేడ్‌నెట్ ఖర్చూ పోతాయి, పొలం పోదు. ఒకటి రెండు సీజన్ల తర్వాత మీ చుట్టూ ఏటా ఎన్ని మొక్కలు అవసరమో, ఏ నెలలోనో మీ పుస్తకమే చెబుతుంది. అప్పుడు ల్యాబు ఆలోచన వేరే సంగతి.

మళ్లీ ల్యాబు ఉద్యోగానికి వెళ్లడం కూడా తక్కువ దారి కాదు. అయితే ఈసారి మార్పిడి బల్ల దగ్గర కాక, తల్లి మొక్కల పరీక్షలోనో హార్డెనింగ్‌లోనో చేరండి. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రంలో శిక్షణ దొరుకుతుంది, మీ తోట ఆకుల వైరస్ పరీక్షకూ వాళ్లనే అడగొచ్చు. దగ్గరలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అమ్మ ఆరోగ్యం కుదుటపడిందా లేదా అన్నదాని మీద ఈ దారి ఆధారపడి ఉంది, అది మీరు రాయలేదు.

ట్రైకోడెర్మా డబ్బాల మాట క్లుప్తంగా. మీ పొలానికి చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 100 కిలోల చివికిన ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి గోనెసంచులు కప్పి, వారం పది రోజులు తిప్పుతూ ఉంచితే చాలు. డబ్బాలో పెట్టి అమ్మితే మాత్రం అది 1968 క్రిమిసంహారక మందుల చట్టం కిందికి వస్తుంది, కేంద్ర రిజిస్ట్రేషన్ కావాలి. రైజోబియం లాంటి జీవన ఎరువులైతే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తాయి, పొడి గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలి. మే ఎండకు దుకాణంలో మగ్గిన ప్యాకెట్‌లో ఆ లెక్క నిలవడం కష్టం. శాంపిల్ తప్పితే కేసు చిన్నాయన మీద కాదు, లైసెన్సు మీద పేరున్న మీ మీద.

బీఈడీ విషయంలో మీ నాన్నను తప్పుపట్టలేను. రెండేళ్ల చదువు, తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. చేరేముందు ఒకటి చూసుకోండి. డీఎస్సీ నోటిఫికేషన్లలో జీవశాస్త్రం పోస్టుకు డిగ్రీలో ఏ సబ్జెక్టులుండాలో రాస్తారు. బయోటెక్నాలజీ కాంబినేషన్‌కు అర్హత ఉందో లేదో పాత నోటిఫికేషన్ తీసి చదవండి. నర్సరీ పని ఏడాదిలో నాలుగైదు నెలలే గట్టిగా ఉంటుంది కాబట్టి రెండూ చేద్దామనిపించవచ్చు. కానీ మొక్కకు మధ్యాహ్నం నీళ్లు కావాలి, ఆ వేళకు మీరు కాలేజీలో ఉంటారు. ఇంట్లో ఎవరు చూస్తారన్నది తేల్చుకోకుండా ఈ రెండు పడవలెక్కకండి.

మీ నాన్నతో మాట్లాడేటప్పుడు ల్యాబు మాట ఎత్తకండి. పాస్‌బుక్కు బయటికి రాదని ముందే చెప్పి, 13 సెంట్ల చోటూ ఒక్క సీజనూ అడగండి. జూన్‌లో ఆయన నాటాల్సిన రెండెకరాలకు 2,400 మొక్కలు కావాలి కదా, మీ మొదటి ఆర్డరు అదే. ట్రేలు దించిన రోజు లేబుల్ ఆయన చేతే చదివించండి, పొట్టి మొక్కలు ఏరే పని ఆయనకే ఇవ్వండి. ఆయన కన్ను కన్సల్టెన్సీ వాళ్ల బ్రోషరు కంటే పదునైనది. చిన్నాయనకు మాత్రం "లేదు" అని మీరే చెప్పండి, నాన్న చేత చెప్పించకండి. అన్నదమ్ముల మధ్య ఇంకో మాట పెరగడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పెళ్లి సంబంధాల గురించి ఒక్క వాక్యంలో రాశారు, ఇంకేం చెప్పలేదు. అందుకే నేనూ ఆ జోలికి పోలేదు. మళ్లీ రాసేటప్పుడు ఒక పని చేయండి. ఒక కాగితం మీద రెండెకరాల వరసలు గీసి, 140 మొక్కలు ఎక్కడున్నాయో, ఏ వారంలో కనబడ్డాయో, పాత తోట గట్టు ఎటుందో గుర్తుపెట్టి పంపండి. ఆగస్టులో గిడసబారిన మొక్కలుంటే వాటికి వేరే రంగు వేయండి.